కుడి లేన్ ఎవరిది?

ప్రశ్న: హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద కుడి చివరి లేన్‌లో 80 కిలోమీటర్ల వేగంతో నిలకడగా వెళుతుంటే, వెనుకవారు లైట్లు కొడుతూ హారన్ మోగిస్తున్నారు. వేగ పరిమితి దాటని నేను ఎందుకు తప్పుకోవాలి?

జవాబు: మీ వేగంలో తప్పు లేదు, మీరు ఎంచుకున్న లేన్‌లోనే ఉంది. 158 కిలోమీటర్ల ఈ రోడ్డుపై ఒక్కో దిశకు నాలుగు లేన్లున్నాయి. డివైడర్ పక్కనున్నది వేగంగా వెళ్లేవారికీ, ముందు వాహనాన్ని దాటేవారికీ ఉద్దేశించినది. మీరు అక్కడే ఉండిపోతే, వెనుకవారు విసిగి ఎడమవైపు నుంచి దూసుకుపోతారు. సరిగ్గా అప్పుడే మీరు ఎడమకు జరిగితే ప్రమాదం తప్పదు. నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఇదే. కాబట్టి దాటిన వాహనం లోపలి అద్దంలో పూర్తిగా కనిపించగానే ఇండికేటర్ వేసి, ఎడమవైపు అద్దం చూసి, భుజం మీదుగా ఒకసారి తొంగిచూసి, నెమ్మదిగా ఎడమ లేన్‌లోకి రండి.

అలాగని వెనుక బంపరుకు ఆనుకుని లైట్లు కొట్టేవారిని నేను సమర్థించను. వంద కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు వెళుతుంది. ముందు కారు ఒక స్తంభాన్ని దాటాక మీరు అక్కడికి చేరడానికి కనీసం రెండు సెకన్లు పట్టాలి, వానలో నాలుగు.

మరొక్క మాట: దిగవలసిన ఎగ్జిట్ దాటిపోతే రివర్సు చేయకండి, తరువాతి ఎగ్జిట్‌లో దిగి వెనక్కి రండి.