హంబకరే గుయ్‌మంటే...

ప్రశ్న: మాస్టారూ, నా ఎలక్ట్రిక్ గిటార్‌కి తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే పికప్‌లు మూడూ సింగిల్ కాయిల్‌వే (ఒకే తీగచుట్ట ఉన్నవే) ఉండేవి. గుయ్‌మనే హమ్ భరించలేక బ్రిడ్జ్ (తీగల కింది కొనలు ఆనే చోటు) దగ్గరిది తీసేసి, నాలుగు రంగుల వైర్లున్న హంబకర్ (రెండు కాయిళ్ల పికప్) నేనే టంకం వేసి పెట్టుకున్నాను. ఇప్పుడు గుయ్‌మనే శబ్దం పాతదానికంటే ఎక్కువైంది. స్వరం కూడా రేకుడబ్బా మీద వాయించినట్టు సన్నగా వస్తోంది. తీగల మీద చెయ్యి వేస్తే రొద కొంత తగ్గుతుంది. మల్టీమీటర్‌లో 8 కిలో ఓమ్‌లు చూపిస్తోంది, అంటే పికప్ బాగున్నట్టే కదా? పనిలో పనిగా 9 సెట్ సన్న తీగలు తీసి కాస్త లావైన 10 సెట్ వేశాను, తీగని బిగించి పట్టుకునే లాకింగ్ ట్యూనర్లు (కీలు) కూడా పెట్టాను. అయినా ట్రెమొలో ఆర్మ్ (బ్రిడ్జ్‌ని ఊపే కడ్డీ) ఒకసారి నొక్కి వదిలితే మూడో తీగ శ్రుతి తప్పుతోంది. ఇంకేం మార్చాలి?

జవాబు: ముందు పర్సు జేబులో పెట్టేయండి. మీరు కొత్తగా కొనాల్సిందేమీ కనబడటం లేదు.

స్వరం సన్నబడటానికి పది కారణాలుంటాయి. హమ్ పెరగడానికి ఇంకో పది. కానీ హంబకర్‌లో ఈ రెండూ ఒకేసారి వచ్చాయంటే నా అనుమానం ఒక్కచోటికే పోతుంది: లోపలి రెండు కాయిళ్లలో ఒకటి తిరగబడింది. గిబ్సన్‌లో పనిచేసిన సెత్ లవర్ 1955లో పేటెంట్‌కి పెట్టిన ఉపాయం ఇదే కదా. పక్కపక్కనే రెండు కాయిళ్లు, వాటి అయస్కాంత ధ్రువాలు ఎదురెదురు, చుట్టు దిశ కూడా ఎదురెదురు. తీగ నుంచి పుట్టిన సిగ్నల్ రెండింట్లో కలిసి పెరుగుతుంది, గాలిలోంచి వచ్చిన కరెంటు హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఒక కాయిల్‌ని తిరగేసి కలిపారా, తీగ సిగ్నల్ చాలావరకు కొట్టుకుపోతుంది, హమ్ రెట్టింపవుతుంది. మీ ఉత్తరంలో ఉన్నది అచ్చంగా అదే.

ఇది ఎక్కువగా ఎలా జరుగుతుందంటే, వైర్ల రంగులు ఒక కంపెనీవి, చూసిన బొమ్మ ఇంకో కంపెనీది. సేమూర్ డంకన్ వాళ్ల లెక్కలో నలుపు సిగ్నల్, ఎరుపు తెలుపు కలిపి మూసేయాలి, ఆకుపచ్చ గ్రౌండ్. డిమార్జియో లెక్కలో ఎరుపు సిగ్నల్, నలుపు తెలుపు కలిపి మూసేయాలి, ఆకుపచ్చ గ్రౌండే. డంకన్ బొమ్మ చూసి డిమార్జియో పికప్‌ని కలిపితే ఒక కాయిల్ ఠక్కున తలకిందులవుతుంది. మీటర్ మాత్రం 8 కిలో ఓమ్‌లే చూపిస్తుంది. దారి ఇటునుంచి నడిచినా అటునుంచి నడిచినా దూరం ఒకటే. రెసిస్టెన్స్‌కి దిశ తెలియదు.

దిశ తెలుసుకోవడానికి టంకం విప్పనక్కర్లేదు. గిటార్‌కి కేబుల్ గుచ్చి, రెండో కొనకి మల్టీమీటర్ పెట్టండి, 20 కిలో ఓమ్‌ల మీద. వాల్యూమ్ ఫుల్, స్విచ్ బ్రిడ్జ్ మీద. ఇనుప స్క్రూడ్రైవర్ మొనని ఒక కాయిల్ మీద ఆనించి చటుక్కున పైకి లాగండి. అంకె ఒక్క క్షణం పైకో కిందికో గెంతుతుంది. రెండో కాయిల్ మీద కూడా అలాగే చేయండి. రెండుసార్లూ ఒకే వైపు గెంతితే వైరింగ్ సరే, నా అనుమానమే తప్పు. చెరోవైపు గెంతితే దొంగ దొరికినట్టే: మీ పికప్‌తో వచ్చిన కాగితం ప్రకారం ఒక కాయిల్ కొనలు మార్చి అతికించండి. మొన జారి కాయిల్ తీగకి తగలనివ్వకండి, అది వెంట్రుక కంటే సన్నం.

చెయ్యి వేస్తే రొద తగ్గడం చూసి చాలామంది గ్రౌండ్ పోయిందనుకుంటారు. కాదండీ. బ్రిడ్జ్‌కి వెళ్లే గ్రౌండ్ వైరు పనిచేస్తోందని దానర్థం. మీ ఒళ్లే యాంటెనాలా రొదని పట్టి పికప్‌కి అందిస్తోంది; తీగ ముట్టుకోగానే ఒళ్లూ గ్రౌండ్ అవుతుంది. మిగిలే ఆ కాస్త రొదకి మందు, లోపలి గోతులకి రాగి రేకు అతికించి దాన్ని గ్రౌండ్‌కి కలపడం. ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పుకోవాలి. నా మొదటి గిటార్‌కి రేకు ఎంత ముచ్చటగా అతికించానంటే, మూత బిగించాక అసలు ఏ శబ్దమూ లేదు. హమ్ లేదు, పాటా లేదు! స్విచ్ విప్పాను, వాల్యూమ్ పాట్‌లు విప్పాను, రెండు రాత్రులు పోయాయి. చివరికి చూస్తే, కేబుల్ గుచ్చినప్పుడల్లా జాక్ లోపలి సిగ్నల్ రేకు కాస్త వంగి రాగికి తగులుతోంది. అప్పటినుంచి జాక్ గోతిలో ముందు ఇన్సులేషన్ టేపు వేశాకే మిగతా పని.

ఇక శ్రుతి సంగతి. పాపం, నింద ఎప్పుడూ కీల మీదే పడుతుంది. మీరు రాయని ముక్క ఒకటుంది: ఆర్మ్ వదిలాక స్వరం పైకి పోతోందా, కిందికి దిగుతోందా? పైకి పోతుంటే నట్ (కీల వైపు తీగలు ఆనే గాడుల పట్టీ) గాడిని పట్టుకోండి. ఆర్మ్ నొక్కితే తీగ వదులవుతుంది, కీ వైపు ముక్క కొంత తీగని తనవైపు లాక్కుంటుంది. ఆర్మ్ వదిలినప్పుడు దాన్ని తిరిగివ్వాలి. గాడి ఇరుకైతే ఇవ్వదు, అందుకే స్వరం ఎక్కువై నిలబడుతుంది. వేలితో తీగని వంచి వదిలినప్పుడు ఇదే గాడి స్వరాన్ని తగ్గిస్తుంది. 9 సెట్‌లో మూడో తీగ అంగుళంలో వెయ్యింట 16 వంతులు, 10 సెట్‌లో 17. ఆరోది 42 నుంచి 46కి పోయింది. గాడులు మాత్రం పాత సెట్‌వే. కీ తిప్పుతుంటే నట్ దగ్గర టిక్కుమని వినిపిస్తోందా? నట్ అవతల తీగని వేలితో ఒకసారి నొక్కితే శ్రుతి మళ్లీ దారికొస్తోందా? అయితే గాడిలో పెన్సిల్ ములికి పొడి రాయండి. చాలకపోతే సరైన మందం ఆకురాయితో గాడిని వెడల్పు చేయండి, లోతు చేయకండి. లోతైతే ఖాళీ తీగ మొదటి ఫ్రెట్‌కి (మెడ మీది లోహపు అడ్డుకమ్మికి) కొట్టుకుంటుంది, ఆపైన కొత్త నట్టే గతి.

పది సెట్‌తో మొత్తం బిగువు సుమారు అయిదో వంతు పెరిగింది కాబట్టి బ్రిడ్జ్ వెనక భాగం పైకి లేచే ఉంటుంది. వెనక మూత తీసి, స్ప్రింగులు పట్టుకున్న రెండు పెద్ద స్క్రూలు కొద్దికొద్దిగా బిగిస్తూ మళ్లీ మళ్లీ శ్రుతి చేయండి. గ్రౌండ్ వైరు టంకం ఉండేది సరిగ్గా అక్కడే. తెంపుకున్నారంటే మళ్లీ నాకు ఉత్తరం రాయాల్సి వస్తుంది.

ప్రశ్న: ఆంప్ (ఆంప్లిఫైయర్) ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేస్తే హమ్ పూర్తిగా పోయింది. అలాగే వాడుకోవచ్చా?

జవాబు: వద్దు. ఆంప్ లోపల ఏదైనా తెగి కరెంటు బయటి రేకుకి తగిలితే, ఎర్త్ లేనప్పుడు అది కేబుల్ వెంట గిటార్ తీగల్లోకి, అక్కడినుంచి మీ చేతిలోకి వస్తుంది. పిన్ తీస్తే హమ్ పోయిందంటే రెండు పరికరాలు రెండు దారుల్లో ఎర్త్ అవుతున్నట్టుంది. ఆంప్, పెడళ్ల ఎడాప్టర్ ఒకే ప్లగ్ బోర్డుకి పెట్టి చూడండి. పిన్ మాత్రం ఇవాళే తిరిగి పెట్టేయండి.

ప్రశ్న: నెక్ దగ్గర ఎక్కువ అయస్కాంత బలమున్న సింగిల్ కాయిల్ పెట్టాను. లావు తీగ 12వ ఫ్రెట్ దాటాక రెండు స్వరాలు కలిసి మోగినట్టుంది, ట్యూనర్ సూది ఒకచోట నిలవదు. శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) చివరిదాకా జరిపినా లాభం లేదు.

జవాబు: శాడిల్ తప్పేమీ లేదు. పికప్ మరీ పైకి ఉంది, అయస్కాంతం తీగని ఊగనివ్వకుండా తనవైపు లాగుతోంది. చివరి ఫ్రెట్ నొక్కి పట్టుకుని, లావు తీగ కింద 2.4 మిల్లీమీటర్లు, సన్న తీగ కింద 2 మిల్లీమీటర్లు ఖాళీ వచ్చేలా దించండి. ఆ వణుకు పోకపోతే ఇంకో అరచుట్టు. అది పోయాకే శాడిల్ జోలికి వెళ్లండి: 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగని నొక్కకుండా వేలు తాకించి మీటితే వచ్చే స్వరం) కంటే నొక్కిన స్వరం ఎక్కువుంటే శాడిల్ వెనక్కి, తక్కువుంటే ముందుకి. పికప్ దించితే శబ్దం కాస్త తగ్గుతుంది, అది ఆంప్ మీద పెంచుకోండి.