ఊరు ఖాళీ చేయమనే అధికారం పంచాయతీకి ఉందా?

ప్రశ్న: వకీలు గారికి నమస్కారం. మాది మిర్యాలగూడ దగ్గర ఒక ఊరు. నేను వార్డు మెంబర్‌ని. ఊరి చివర రైస్‌మిల్లు షెడ్లలో 14 కుటుంబాలు ఉంటున్నాయి, బెంగాలీ మాట్లాడతారు. వాళ్లు బంగ్లాదేశ్ నుంచి వచ్చారని గొడవ లేచింది. వారంలోగా ఖాళీ చేయాలని, లేకపోతే నల్లా బంద్ చేయాలని తీర్మానం రాసి నన్ను సంతకం పెట్టమంటున్నారు. చికాగోలో ఉన్న మా అబ్బాయి, అక్కడ ఇమిగ్రేషన్ విషయంలో నగరాలు సొంత నిర్ణయం తీసుకుంటాయని చెప్పాడు. మన పంచాయతీకి ఆ అధికారం లేదా? పెట్టకపోతే ఊళ్లో మాట పడాలి, పెడితే ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: సంతకం పెట్టకండి. ముందు ఆ మాట చెప్పి, తర్వాత కారణాలు చెప్తాను.

విదేశీయులు, పౌరసత్వం, దేశంలోకి రానివ్వడం, బయటికి పంపడం ఇవన్నీ రాజ్యాంగం 7వ షెడ్యూలులోని కేంద్ర జాబితాలో 17, 19 అంశాలు. రాష్ట్ర శాసనసభకే వీటి మీద చట్టం చేసే వీల్లేదు. పంచాయతీకి ఇవ్వదగిన 29 పనులు 11వ షెడ్యూలులో ఉన్నాయి. తాగునీరు, రోడ్లు, ఊళ్లకు కరెంటు, పశువులు, చేపలు కనిపిస్తాయి కానీ మనుషుల జాతీయత తేల్చే పని కనిపించదు. మరి పోలీసులు ఎలా అడుగుతున్నారంటారా? 258వ అధికరణం కింద కేంద్రం తన పనిలో కొంత రాష్ట్రాలకు అప్పగించింది. జిల్లా ఎస్పీ విదేశీయుల రిజిస్ట్రేషన్ అధికారిగా ఉండేది అందుకే. ఆ అప్పగింత పోలీసుల దాకా వచ్చింది, గ్రామసభ దాకా రాలేదు.

మీ అబ్బాయి చెప్పింది సగమే నిజం. రాష్ట్రాల అధికారులను తన పనికి వాడుకునే హక్కు కేంద్రానికి లేదని అమెరికా సుప్రీంకోర్టు 1997లో తుపాకుల కొనుగోలు కేసులో చెప్పింది. దాన్ని పట్టుకునే నగరాలు 'మా పోలీసులు మీతో రారు' అంటున్నాయి. అంటే సహకరించకుండా ఉండొచ్చు, అంతవరకే. అరిజోనా రాష్ట్రం వలస మీద సొంత చట్టం చేసుకుంటే, కోర్టు ముందుకొచ్చిన నాలుగు సెక్షన్లలో మూడింటిని 2012లో కొట్టేసింది. మనిషిని దేశం నుంచి పంపించే అధికారం అక్కడ కూడా ఏ నగరానికీ లేదు. మన దగ్గర సహకరించం అనే వెసులుబాటు కూడా రాష్ట్రాలకు లేదు, 256, 257 అధికరణాల కింద కేంద్రం ఆదేశాలివ్వగలదు.

ఇక అసలు సంగతి. వాళ్లు విదేశీయులని ఎవరు తేల్చారు? బెంగాలీ మాట్లాడేవాళ్లు మన పశ్చిమ బెంగాల్‌లోని మాల్దాలోనూ ఉన్నారు, ముర్షిదాబాద్‌లోనూ ఉన్నారు. అక్కడి నుంచి వచ్చినవాళ్లయితే 19వ అధికరణం ప్రకారం మిర్యాలగూడలో ఉండే హక్కు మీకెంతో వాళ్లకూ అంతే. 1946 నాటి విదేశీయుల చట్టంలోనూ, దాని స్థానంలో వచ్చిన 2025 చట్టంలోనూ రుజువు చేసుకునే భారం ఎదుటి మనిషి మీదే, నిజమే. కానీ చేతిలో ఏ ఆధారమూ లేకుండా ఒకరిని పిలిచి 'నువ్వు విదేశీయుడివి కాదని నిరూపించుకో' అనడం అధికారులకే కుదరదని 2024లో రహీం అలీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆధార్ చూసి తేల్చేద్దామంటే, ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని ఆ చట్టంలోనే ఉంది.

నేను పాలమూరు మనిషిని. మా దిక్కు గుంపు మేస్త్రీ ఒకాయన కొన్నేళ్ల కింద నా దగ్గరికి వచ్చాడు. పుణె అవతల ఒక సైటు దగ్గర అక్కడివాళ్లు తన గుంపును ఆపేశారని చెప్పి, పాలిథీన్ కవరులోంచి తొమ్మిది మంది కార్డులు తీసి టేబుల్ మీద పెట్టాడు. ఒకామె పేరు ఆధార్‌లో అంజిలమ్మ, రేషన్ కార్డులో అంజమ్మ. ఆ చిన్న తేడాకు ఆమెను చంటిబిడ్డతో రోడ్డు మీద కూర్చోబెట్టారు. మీ మిల్లు షెడ్లలో కూడా అలాంటి కవర్లే ఉంటాయి.

సరే, విదేశీయులే అనుకుందాం. అప్పుడైనా ఊరు వెళ్లగొట్టలేదు. అప్పటి తూర్పు పాకిస్తాన్, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో కప్తాయి డ్యామ్ కింద భూములు మునిగి, ఊళ్లు వదిలి 1964 ప్రాంతంలో వచ్చిన చక్మాలను అరుణాచల్ ప్రదేశ్‌లో ఒక విద్యార్థి సంఘం ఫలానా తేదీలోగా వెళ్లిపొమ్మంది. సాగర్ ముంపు చూసిన నల్లగొండ వాళ్లకు ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు. 1996లో సుప్రీంకోర్టు, 21వ అధికరణం పౌరులకే కాదు ప్రతి మనిషికీ వర్తిస్తుందని, బెదిరించేవాళ్ల నుంచి వాళ్లను కాపాడాల్సింది రాష్ట్ర ప్రభుత్వమేనని చెప్పింది. పంపాలన్నా చట్టం చెప్పిన పద్ధతిలోనే పంపాలి.

సంతకం పెడితే ఏమవుతుందంటే, దారి ఆపితే భారతీయ న్యాయ సంహిత 126, నిర్బంధిస్తే 127, బెదిరిస్తే 351 సెక్షన్లు ఉన్నాయి. కేసు నడిచినప్పుడు మొదట బయటికి వచ్చేది ఆ తీర్మానం కాగితమే. సర్పంచ్‌ను సస్పెండ్ చేసే అధికారం 2018 పంచాయతీరాజ్ చట్టం కలెక్టర్‌కు ఇచ్చింది. ఈ మాట మీ సర్పంచ్ గారికి ఒంటరిగా చెప్పండి, నలుగురిలో చెప్తే పంతానికి పోతారు.

నిజంగా అనుమానం ఉన్నవాళ్లను పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇవ్వమనండి. పేరుపేరునా ఏం చూశారో, ఏం విన్నారో రాయాలి, 'అందరూ అంటున్నారు' అని రాస్తే సరిపోదు. విచారణ పోలీసులు చూసుకుంటారు. అప్పటిదాకా నల్లా కట్టేయొద్దు, ఆ షెడ్లలో చిన్నపిల్లలు కూడా ఉండి ఉంటారు.

మీరు మాత్రం ఈ తీర్మానానికి నా అభ్యంతరం ఉంది, ఇది పంచాయతీ అధికార పరిధిలోకి రాదు అని మినిట్స్ బుక్‌లో రాయించి, దాని కిందే తేదీ వేసి సంతకం పెట్టండి. రాయనివ్వకపోతే అదే మాట తెల్లకాగితం మీద రాసి పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి.