సత్ప్రసాదం అందరికీ ఎందుకు పెట్టరు? ఆ చిన్న అప్పంలో అంత ఏముంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: తిరుపతిలో ఫ్రెండ్ పెళ్ళికని చర్చిలో పూజకు వెళ్ళారు, అందరూ లేచి వరుసగా ఫాదర్ దగ్గర తెల్లటి అప్పం తీసుకుంటుంటే మీరూ లైన్లో నిలబడ్డారు, పక్కనున్న పెద్దాయన మెల్లిగా చెయ్యి పట్టుకుని "ఇది మీకు కాదు బాబూ" అన్నారు. ప్రసాదం దగ్గర కూడా ఈ తేడా ఎందుకని, రోజువారీ జీవితంలో దీనివల్ల ఏమవుతుందని అడుగుతున్నారు. మనసుకు కష్టంగా అనిపించడం సహజం. మన ఊళ్ళో ఎవరు కొండకు వెళ్ళొచ్చినా లడ్డు వీధంతా పంచుతారు, ప్రసాదమంటే కాదనకుండా పెట్టేదనే తెలుసు మనకు. మా కేథలిక్కులమేమో చర్చిని కూడా గుడి అనే అంటాం, దీన్ని దివ్యసత్ప్రసాదం అంటాం. పేర్లు ఇలా ఉంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

కానీ మా నమ్మకం ప్రకారం అక్కడ మేం తీసుకునేది సాక్షాత్తు యేసుక్రీస్తునే. ఆయన గుర్తుగా ఒక వస్తువును కాదు, ఆయన్నే. మీ ప్రశ్నకు జవాబంతా ఇందులోనే ఉంది, అయితే ఇది నాకు చిన్నప్పుడు ఎలా తెలిసిందో చెప్తే బాగా అర్థమవుతుంది.

మాది చిత్తూరు పక్కన పల్లె. అక్కడి కాన్వెంట్‌లో సిస్టర్లే అప్పాలు చేసేవాళ్ళు. గోధుమపిండి, నీళ్ళు, అంతే, ఉప్పూ ఉండదు, ఈస్టూ ఉండదు. పిండి జారుగా కలిపి, కాలుతున్న రెండు ఇనుప పలకల మధ్య పోసి మూస్తే చుట్టూ ఆవిరి చిమ్మి, కాసేపటికి కాగితమంత పల్చటి రేకు వచ్చేది. అందులోంచి గుండ్రంగా కత్తిరించుకోగా మిగిలిన అంచులు, చిల్లులు పడ్డ ముక్కలు ఒక డబ్బాలో వేసి మా పిల్లలకిచ్చేవాళ్ళు. నిక్కరు జేబుల్లో కుక్కుకుని దారంతా కరకరా నమిలేవాళ్ళం. ఒకరోజు అడిగాను, "సిస్టర్, ఇదీ అదీ ఒకే పిండి కదా, ఇది నా జేబులో ఉంటే ఎవరూ ఏమీ అనరు, గుడిలో అది కింద పడితే మాత్రం ఫాదర్ వంగి నలుసు కూడా వదలకుండా తీస్తారెందుకు?" ఆమె చేస్తున్న పని ఆపి, "ఇది పిండి. పూజలో ఫాదర్ ప్రభువు మాటలు పలికాక అది ఆయనే. ఆ తేడా నీకు తెలిసిన రోజు నీకూ పెడతాం" అంది. ఆ మాట ఆమె సొంతంగా చెప్పిందనుకున్నాను చాలా ఏళ్ళు. తర్వాత తెలిసింది, 1910లో పోపు పదవ పయస్ గారు ఏడేళ్ళ వయసు పిల్లలకు కూడా సత్ప్రసాదం ఇవ్వాలని చెప్పినప్పుడు పెట్టిన షరతు దాదాపు ఇదే, మామూలు రొట్టెకీ దీనికీ తేడా బిడ్డకు తెలియాలి అని.

రుచి, రంగు, ఆకారం ఏమీ మారవు, అది అసలు ఏమిటో అది మారుతుంది అని 1551లో మా బిషప్పులు కూడిన ట్రెంట్ మహాసభ చెప్పింది. కానీ దీనికి మూలం ఇంకా వెనక, యోహాను సువార్త ఆరో అధ్యాయంలో ఉంది, వీలైతే చదవండి. నా శరీరం తినాలి, నా రక్తం తాగాలి అని యేసు చెప్తే, ఇది కఠినమైన మాట అని చాలామంది శిష్యులు వెళ్ళిపోయారు. ఆయన వాళ్ళను వెనక్కి పిలిచి "ఊరికే పోలికకు అన్నాను" అనలేదు. మిగిలిన పన్నెండు మందిని చూసి మీరూ వెళ్ళిపోతారా అని అడిగాడు. నాకు ఎప్పుడు అనుమానం వచ్చినా ఆ ప్రశ్న దగ్గరే ఆగుతాను.

ఇక మిమ్మల్ని ఎందుకు ఆపారంటే, ఫాదర్ అప్పం చూపించి "క్రీస్తు శరీరం" అంటారు, మనం "ఆమెన్" అనాలి. అంటే అవును, నమ్ముతున్నాను అని. నమ్మనివాళ్ళ చేత ఆ మాట అనిపించడం వాళ్ళకూ మర్యాద కాదు, దానికీ కాదు. ఇందులో కులం, డబ్బు, హోదా ఏవీ లేవు. మాకు కూడా నియమాలున్నాయి. తీసుకునే ముందు గంటసేపు ఏమీ తినకూడదు (నీళ్ళు, మందులు ఫరవాలేదు, మా అవ్వ కాలంలో అయితే అర్ధరాత్రి నుంచి చుక్క నీళ్ళు కూడా ముట్టేవాళ్ళు కాదు). పెద్ద పాపం చేసుంటే పాపసంకీర్తనం చేశాకే, అంటే ఫాదర్ దగ్గర ఆ పాపం ఒప్పుకున్నాకే వెళ్ళాలి.

నేనే ఎనిమిది నెలలు వెళ్ళలేదు. ఇంటి స్థలం దగ్గర మా అన్నతో గొడవై, అనకూడని మాటలు అన్నాను. ప్రతి ఆదివారం బెంచీ చివర కూర్చునేవాణ్ణి, అందరూ నా మోకాళ్ళు దాటుకుని వెళ్ళి వచ్చేవాళ్ళు. ఆపింది ఎవరూ కాదు. అన్న మీద అంత కోపం పెట్టుకుని ఆమెన్ అనడానికి నోరు రాలేదు. బలిపీఠం దగ్గర నీ సోదరుడికి నీ మీద కోపముందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడు అని మత్తయి సువార్తలో ఉంది, అది తెలిసీ అన్ని నెలలు పట్టింది. చివరికి ఒక శనివారం రాత్రి తిరుపతిలో బస్సెక్కి చిత్తూరులో దిగాను. వదిన తలుపు తీసింది. అన్న నన్ను చూసి కాసేపు మాట్లాడలేదు, తర్వాత "తిన్నావా?" అన్నాడు. స్థలం గొడవ ఇంకో రెండేళ్ళు నడిచింది, కానీ మాటలు ఆగలేదు. పొద్దున పాపసంకీర్తనం చేసి పూజలో సత్ప్రసాదం తీసుకున్నాను. రోజువారీ జీవితంలో దీనివల్ల ఏమవుతుందని అడిగారు కదా, నాకైతే ఇలా అయింది.

మీరు మళ్ళీ ఎప్పుడైనా పూజకు వస్తే ఆ సమయంలో కూర్చునే ఉండండి, ఎవరూ ఏమీ అనుకోరు, మీ ప్రార్థన మీరు చేసుకోండి.

ఇంకొక్కటి చెప్పాలి. అమ్మ చివరి రోజుల్లో మంచం మీదే ఉంది, మూడు రోజులుగా గంజి కూడా దిగడం లేదు. ఫాదర్ చిన్న గుండ్రటి డబ్బాలో సత్ప్రసాదం తెచ్చారు. మంచం పక్కన స్టూలు మీద తెల్లగుడ్డ పరిచి, కొవ్వొత్తి వెలిగించి, అప్పంలోంచి గోటి మీద పట్టేంత నలుసు విరిచి, చెంచాలో నీళ్ళతో అమ్మ పెదాల దగ్గర పెట్టారు. "క్రీస్తు శరీరం" అంటే అమ్మ గొంతు రాలేదు, పెదాలు మాత్రం కదిలాయి. మింగింది. ఫాదర్ ఆ చెంచాలో ఇంకొన్ని నీళ్ళు పోసి, తిప్పి, అంచుల దాకా చూసి, ఆ నీళ్ళు తనే తాగేశారు. నేను గోడకు ఆనుకుని చూస్తూ ఉన్నాను, నిక్కరు జేబులో కరకరలాడిన ఆ ముక్కలు గుర్తొచ్చాయి. ఆ తర్వాత అమ్మ ఇంకేమీ తినలేదు.