సహలగ్నత పాఠం మొదలుపెట్టే ముందు

అమ్మా, ఆశీస్సులు.

బొబ్బిలిలో నీ ఇంటర్ పిల్లలకు వచ్చే వారం సహలగ్నత, అంటే ఒకే క్రోమోజోము మీది జన్యువులు కలిసి సంతతికి రావడం, చెప్పబోతున్నానని రాశావు. నిర్వచనంతో మాత్రం మొదలుపెట్టకు. బోర్డు మీద నాలుగు అంకెలు వెయ్యి: 965, 944, 206, 185. జన్యు శాస్త్రవేత్త మోర్గాన్ సంకర ఈగను, రెండు లక్షణాల్లోనూ అంతర్గతమైన ఈగతో కలిపి చేసిన పండ్ల ఈగల టెస్ట్ క్రాస్‌లో పుట్టిన సంతతి అది. మొదటివి బూడిద ఒళ్లు, మామూలు రెక్కలవి. రెండోవి నల్ల ఒళ్లు, కురచ రెక్కలవి. మిగతా రెండూ ఆ లక్షణాలు తారుమారైనవి. మెండెల్ లెక్కన ఒక్కో రకం ఎన్ని రావాలో అడుగు. మొత్తం 2,300 కనుక 575 అని ఎవరో ఒకరు చెబుతారు. మరి ఎందుకు రాలేదో వాళ్లనే తేల్చుకోనివ్వు, తొందరపెట్టకు. ఆ తర్వాత తారుమారైనవాటి మొత్తం 391ని 2,300తో భాగించమంటే 17 శాతం వస్తుంది. ఆ శాతమే రెండు జన్యువుల మధ్య దూరం అని, ఒక్క శాతానికి ఒక సెంటీమోర్గాన్ అని అప్పుడు చెప్పు, చాలు.

జన్యువుల వరుస కట్టడానికి మన రైలు దారి పనికొస్తుంది. చీపురుపల్లి, పొందూరు, శ్రీకాకుళం రోడ్డు: ఏ రెండు స్టేషన్ల మధ్య ఎంత దూరమో చెప్పి, నడుమ ఏది ఉందో అడుగు. అన్నిటికన్నా ఎక్కువ దూరం ఏ రెండింటిదో అవే చివర్లు. 1911లో మోర్గాన్ శిష్యుడు స్టర్టెవాంట్ ఇదే తర్కంతో ఒక్క రాత్రిలో తొలి క్రోమోజోము పటం గీశాడు, 1913లో ప్రచురించాడు. అప్పటికి అతనికి పంతొమ్మిదేళ్లు. ఈ వయసు సంగతి తప్పకుండా చెప్పు, పిల్లలు నిటారుగా కూర్చుంటారు.

అసలు చిక్కు ఒకటుంది. నేరుగా లెక్కించిన చివరి జన్యువుల దూరం, మధ్య దూరాలు రెండూ కూడినదాని కన్నా తక్కువ వస్తుంది. పిల్లలు తమ లెక్కే తప్పనుకుని దిద్దేస్తారు. రెండు రంగుల సుద్దలతో జత క్రోమోజోములుగా రెండు గీతలు గీసి, రెండు చోట్ల తెంచి మార్చి చూపు. చివర్లు మళ్లీ పాత జోడీగానే కనబడతాయి, మధ్యది మాత్రం మారుతుంది. లెక్కలో దొరక్కుండా పోయేది ఇదే. మూడు జన్యువుల లెక్కలో అన్నిటికన్నా తక్కువ సంఖ్యలో ఉన్న సంతతిని ముందు చూడమనేది కూడా ఇందుకే. దీనికి ఒక పీరియడ్ పూర్తిగా పోయినా పరవాలేదు.

ఇంకొక్కటి. ఆ టెస్ట్ క్రాస్‌లో సంకర ఈగ ఆడదే కావాలి. మగ పండ్ల ఈగలో క్రాసింగ్ ఓవర్, అంటే జత క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం, జరగదు, కాబట్టి తిప్పి రాస్తే 206, 185 అసలు పుట్టవు. నువ్వు తయారుచేసే లెక్కల్లో ఆడ, మగ గుర్తులు సరిచూసుకున్నాకే పిల్లలకు ఇవ్వు.