వియన్నాలో సాఖర్ టోర్టె కాక ఇంకేం తినాలంటే, ష్లోసర్‌బూబెన్

వియన్నాలో అందరికీ తెలిసిన చాక్లెట్ కేకు సాఖర్ టోర్టె కాక తప్పక తినవలసిన తీపి ఏదని మీరు అడిగారు. ఆ నగరంలో రెండేళ్లు చదువుకున్నదానిగా సంకోచం లేకుండా ష్లోసర్‌బూబెన్ అని చెబుతాను. ఆ మాటకు ఇనుప పనివాని దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లని అర్థం. బాదం దూర్చిన ఎండు ప్లమ్ పండ్లను పిండిలో ముంచి వేయించి, చాక్లెట్ తురుములో దొర్లించిన ఆ నల్లని ఉండలను చూస్తే మసి అంటిన ఆ పిల్లలే గుర్తుకొస్తారు. ఇదే పద్ధతిలో ఆప్రికాట్‌తో చేసి పైన తెల్లని చక్కెర పొడి చల్లితే దానిని చాకలి అమ్మాయిలనే అర్థంలో వేషర్‌మేడెల్న్ అంటారు.

నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు ఒక జనవరి సాయంత్రం నన్ను వంటింట్లోకి పిలిచి, రాత్రంతా రమ్ములో నానిన ఎండు ప్లమ్ పండ్ల గిన్నె నా ముందు పెట్టారు. గింజ తీసిన చోట పొట్టు ఒలిచిన బాదం పప్పు దూర్చడం నా పని. మైదా, తెల్ల వైన్, గుడ్లు కలిపిన పిండి అచ్చం మన బూరెల తోపు పిండిలాగే జారుగా ఉండడంతో, ఇది నాకు తెలిసిన పనేనని పండ్లను తడితోనే ముంచి నూనెలో వేశాను. పైపూత ఊడిపోయింది, కారిన పండు రసం మాడి నూనెంతా నల్లబడింది. ఆవిడ ఆ నూనె పారబోసి, మిగిలిన పండ్లను ఒక్కొక్కటిగా గుడ్డతో అద్ది, పొడి మైదాలో దొర్లించి నాకు అందించారు. పూర్ణం తడిగా ఉంటే బూరె చిట్లుతుందని మా అమ్మమ్మ చెప్పిన మాటే అక్కడ మరో భాషలో విన్నాను.

వేయించిన వెంటనే చక్కెర కలిపిన చాక్లెట్ తురుములో దొర్లించాలి. ఆ వేడికి తురుము సగం కరిగి అంటుకుంటుంది, సగం పొడిగానే ఉంటుంది. కొరికితే పైన కరకర, లోపల పుల్లతీపి పండు, నడుమ బాదం. ఈ వంటకం గొప్పతనమంతా ఆ రెండు మూడు నిమిషాలలోనే ఉంది. అందుకే, ముందుగా వేయించి ఉంచి, మళ్లీ వేడి చేసి, తురుముకు బదులు కోకో పొడి చల్లి ఇచ్చే హోటళ్లంటే నాకు కోపం. అటువంటిదొకటి తిని వచ్చిన స్నేహితురాలు ఇందులో ఏముందని అడిగినప్పుడు నిజంగా బాధపడ్డాను.

గుడ్లు, మద్యం తిననివారు దీనిని విడిచిపెట్టవలసిందే. కొన్నిచోట్ల పంది కొవ్వులో కూడా వేయిస్తారు కనుక ముందే అడగండి. ఆర్డరు తీసుకున్నవారు పావుగంట పడుతుందంటే సంతోషంగా కూర్చోండి, వెంటనే తెస్తామంటే మరో చోటు చూసుకోండి.