వాణిజ్య బీమాలో అండర్‌రైటర్ కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

బీకాం చివరి సంవత్సరంలో ఉన్నాననీ, అండర్‌రైటర్ (ఒక ఆస్తికి బీమా ఇవ్వాలా, ఏ రేటుకు, ఏ షరతులతో అని తేల్చే వ్యక్తి) కావడానికి యాక్చువరీ (గణాంకాలతో బీమా నష్టాల అంచనాలు కట్టే నిపుణుడు) పరీక్షలు రాయక తప్పదా అనీ అడిగారు. అవసరం లేదు; అది వేరే వృత్తి. హైదరాబాదులో ఒక సాధారణ బీమా సంస్థ అగ్ని బీమా విభాగంలో పనిచేస్తున్న అనుభవంతో చెబుతున్నాను: ఈ పనిలో లెక్కలకన్నా ముందు కావలసింది, ఒక ఫ్యాక్టరీని చూసి అక్కడ ఏది, ఎందువల్ల అంటుకోగలదో పసిగట్టడం.

2006 చివరి వరకు అగ్ని బీమా రేట్లను టారిఫ్ పుస్తకం, అంటే సంస్థలన్నీ పాటించి తీరాల్సిన ఉమ్మడి రేట్ల పట్టిక, చూసి వేసేవారు. 2007 జనవరి 1న ఆ కట్టుబాటు తొలగడంతో రేటు నిర్ణయం సంస్థల చేతికి, అంటే చాలావరకు అండర్‌రైటర్ విచక్షణకు వచ్చింది. పత్తి జిన్నింగ్ మిల్లునే తీసుకోండి. ప్రపోజల్ ఫారంలో సరుకు విలువ, గోడౌన్ చిరునామా ఉంటాయి. బేళ్లలో ఎన్ని ఆరుబయట ఉన్నాయో, గుట్టల మధ్య ఎంత ఎడం వదిలారో, పత్తిలో కలిసివచ్చే ఇనుప ముక్కలు యంత్రంలో పడి నిప్పురవ్వలు లేపకుండా ముందే అయస్కాంతాలు అమర్చారో లేదో, హైడ్రెంట్ (మంటలార్పే నీటి కుళాయి) తిప్పితే నిజంగా నీళ్లు వస్తాయో లేదో వెళ్లి చూస్తేనే తెలుస్తుంది. (మోటారు కొత్తదే, ట్యాంకు మాత్రం ఖాళీ అన్న సందర్భాలు అరుదేమీ కావు.)

ఎంత మొత్తానికి బీమా చేయించాలన్న విషయంలోనూ ఇదే శ్రద్ధ కావాలి. 100 కోట్ల ఆస్తిని ప్రీమియం తగ్గుతుందని 60 కోట్లకే బీమా చేయిస్తే, నష్టపరిహారమూ అదే నిష్పత్తిలో తగ్గి, 10 కోట్ల నష్టానికి సాధారణంగా 6 కోట్లకు మించి రాదు. ఈ సంగతి పాలసీ ఇచ్చే ముందే యజమానికి రాతపూర్వకంగా తెలియజేయాలి. క్లెయిమ్ వచ్చాక నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ చెబితే అది తగాదాగానే మిగులుతుంది.

చదువు సంగతికి వస్తే, ముంబైలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా నిర్వహించే లైసెన్షియేట్, అసోసియేట్‌షిప్ పరీక్షలు చాలు. వాటిలో అగ్ని బీమాకు సంబంధించిన ఐసీ-57 పేపరును వాయిదా వేయకండి. ఉద్యోగానికి న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా వంటి ప్రభుత్వ సంస్థల అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ పరీక్ష ఒక మార్గం, బ్రోకింగ్ సంస్థలు మరొకటి. విదేశీ బీమా కంపెనీలకు ఇక్కడినుంచి పనిచేసే కార్యాలయాల్లో పాలసీ షరతులు క్షుణ్ణంగా చదవడం అలవడుతుంది గాని, మిల్లు గేటు దాటే అవకాశం దాదాపు రాదు. అందుకే ఇంటర్వ్యూలో జీతంతోపాటు, మొదటి ఏడాదిలో రిస్క్ ఇన్‌స్పెక్షన్‌లకు పంపుతారా అని కూడా అడగండి.