మంచినీళ్ల బోరు పక్కనే పొలం బోరు వేస్తుంటే ఆపొచ్చా?

ప్రశ్న: మా ఊరి కుళాయిలన్నిటికీ నీళ్లొచ్చేది ఒక్క పంచాయతీ బోరు నుంచే. దానికి వంద గజాల్లో ఉన్న పొలం ఆయన రేపోమాపో రిగ్గు దింపుతాడట, అడిగితే నా పొలం నా ఇష్టం అంటున్నాడు. పంచాయతీలోనేమో ప్రైవేటు భూమి కదా మేమేం చేస్తాం అన్నారు. నిజంగా రూలే లేదా అండీ?
- ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: ఎందుకు లేదండీ, 2002 నుంచి ఉంది, వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం). ఊరి మంచినీళ్ల బోరుకి గానీ బావికి గానీ 250 మీటర్ల లోపల మోటారు పెట్టి తోడే బోరు పర్మిషన్ లేకుండా వెయ్యకూడదు, పొలం ఆయనదే అయినా సరే. వంద గజాలంటే 90 మీటర్లు కాస్త అటూఇటూ, ఇంక అనుమానమే లేదు. తాగడానికి వేసే చేతిపంపుకీ, ఊరికోసం వేసే మంచినీళ్ల బోరుకీ మాత్రం ఈ అడ్డు లేదు.

మన బండ నేలల్లో నీళ్లు పగుళ్లలోనే ఉంటాయి కదా, రెండు బోర్లకీ ఒకే పగులు తగిలిందనుకోండి, లోతుగా వేసినవాడు రాత్రంతా మోటారాడిస్తే తెల్లారేసరికి ఊరి బోరు గాలి కక్కుతుంది. అందుకే రిగ్గు దిగకముందే కదలాలి, బోరు పడ్డాక ఆపించడం చాలా కష్టం (చట్టప్రకారం అప్పుడూ వీలుంది, మంచినీళ్లకి దెబ్బ తగుల్తోందని తేలితే యజమాని మాట కూడా విని తోడటం ఆపమనొచ్చు, కానీ పైరు మీదున్నప్పుడు ఆ ఆర్డరు వేసే ఆఫీసర్ని చూపించండి చూద్దాం).

నోటిమాటగా చెప్తే ఎవరూ కదలరండీ. దూరం టేపుతో కొలిచి, ఫొటోలు తీసి, పదిమందితో సంతకాలు పెట్టించి తహసీల్దార్ ఆఫీసులో అర్జీ ఇవ్వండి, కాపీ మీద ముద్ర వేయించుకోవడం మర్చిపోకండి, ఇంకో కాపీ ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు గారికి. రిగ్గు వాళ్లు కూడా వాల్టా కింద రిజిస్టర్ చేయించుకోవాలి, ఆ కాగితం చూపించమనండి, చాలాసార్లు అక్కడే సగం వేడి తగ్గుతుంది.

అన్నట్టు, ఆ బోరు పక్కన ఎవరిదైనా మరుగుదొడ్డి సోక్ పిట్ (మురుగునీరు ఇంకే గుంత) ఉందేమో కూడా చూడండి. తాగునీటి బావికి కనీసం 18 మీటర్లు దూరం ఉండాలని సెప్టిక్ ట్యాంకుల మీద ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 చెప్తుంది, పొలం బోరు మీద కొట్లాడే ఊళ్లు దీన్ని అసలు పట్టించుకోవు.